అడిగింది మీ చూపును, ఇస్తున్నది మీ నిద్రను

ప్రశ్న: నా వయసు 39. పదిహేనేళ్లుగా ఒక ఆఫీసులో లెక్కలు చూస్తున్నాను. మూడేళ్ల క్రితం అమ్మ మంచాన పడ్డప్పుడు, రాత్రిళ్లు ఆమె పక్కన మేలుకుని ఉండాలి కదా అని ఎంబ్రాయిడరీ మొదలుపెట్టాను. మొదట్లో పుస్తకాల్లోవి చూసి కుట్టేదాన్ని, తర్వాత నావి నేనే గీసుకున్నాను. అమ్మ పోయాక కూడా ఆ అలవాటు పోలేదు. నేను కుట్టినవి ఎవరి ద్వారానో చూసి, పసిపిల్లల బట్టలు తయారుచేసే సంస్థ ఒకటి ప్రింటు కోసం నాలుగు నమూనాలు అడిగింది. ఏమిటో తెలియకుండానే సరేనన్నాను. నచ్చాయట. ఇప్పుడు రెండు నెలల్లో పన్నెండు కావాలంటున్నారు. ఒక్కోటీ కుట్టి, ఫొటో తీసి పంపుతున్నాను. రాత్రి రెండింటిదాకా లైటు వెలుగుతూనే ఉంటోంది. 'సరదాగా మొదలెట్టినదాంతో ఇల్లంతా తలకిందులు చేశావు' అని మావారు విసుక్కుంటున్నారు. ఉద్యోగం మానేసి ఇందులోకే వెళ్లనా? డిజైన్ చదవని నేను డిజైనర్‌నని ఎలా చెప్పుకోను? అమ్మ పక్కన కూర్చుని కుట్టిన తీగ కూడా ఇమ్మని అడుగుతున్నారు. మొన్న మా పాప 'అమ్మా, కుడుతూ ఇదివరకు పాడేదానివి, ఇప్పుడు పాడట్లేదు' అంది. ఏం చెప్పాలో తోచలేదు.

జవాబు: ఉద్యోగం సంగతి ముందు రాసి, పాప మాట చివర్లో పెట్టారు. నేను చివరి నుంచి మొదలుపెడతాను.

1973లో మార్క్ లెపర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్‌బెట్ అనే ముగ్గురు మనస్తత్వ శాస్త్రవేత్తలు బొమ్మలు వేయడమంటే ఇష్టపడే చిన్నపిల్లలతో ఒక పరిశోధన చేశారు. కొందరికి 'బొమ్మ వేస్తే బహుమతి ఇస్తాం' అని ముందే చెప్పారు. ఇంకొందరికి ఏమీ చెప్పకుండా, వేశాక ఇచ్చారు. మిగిలినవాళ్లకు అసలు ఇవ్వలేదు. కొన్ని రోజుల తర్వాత చూస్తే, ముందే బహుమతి ఆశ చూపించిన పిల్లలు తమంతట తాము బొమ్మలు వేసుకునే సమయం మిగతావారితో పోలిస్తే దాదాపు సగానికి పడిపోయింది. అనుకోకుండా బహుమతి అందుకున్నవాళ్లకు మాత్రం ఇష్టం తగ్గలేదు. అంటే బహుమతి చేతికి రావడం వల్ల వచ్చిన చిక్కు కాదిది. 'ఇది దాని కోసం చేస్తున్నాను' అనే లెక్క పని కంటే ముందే మనసులో కూర్చోవడం వల్ల వచ్చినది. మీ మొదటి నాలుగు నమూనాలు అనుకోని బహుమతి లాంటివి. ఈ పన్నెండు అలా కాదు. మీ పాట ఆగడానికి అదొక కారణం. మీ ఇష్టం నకిలీదని, మీరు అలసిపోయే మనిషని దీనికి అర్థం చెప్పుకోకండి.

రెండో కారణం మీరే రాశారు, కానీ గమనించినట్టు లేదు. వాళ్లకు కావలసింది ప్రింటు. మీరు పంపుతున్నది కుట్టుపని. గుడ్డ మీద అచ్చయ్యేదానికి ప్రతి ఆకునూ గొలుసు కుట్టుతో నింపి, ప్రతి మొగ్గకూ ముడులు వేసి, గంటల కొద్దీ కూర్చుని, ఆఖరికి ఒక ఫొటో తీసి పంపుతున్నారు. ఎందుకు? చేత్తో కష్టపడి చేసిందే నాది, మిగతాది మోసం అని లోపల ఒక భయం ఉందనుకుంటాను. వాళ్లు మిమ్మల్ని వెతుక్కుంటూ వచ్చింది మీ వేళ్ల ఓపిక చూసి కాదు. ఏ ఆకు పక్కన ఏ మొగ్గ పెట్టాలో, ఎక్కడ ఖాళీ వదలాలో, నాలుగు రంగుల్లో ఏది తీసేస్తే మిగతా మూడూ పలుకుతాయో మీకు తెలుసు. డిజైన్ అంటే అదే. ఆ పని చేసినన్నాళ్లూ మీరు డిజైనరే. బోర్డు ఎవరూ రాసి ఇవ్వనక్కర్లేదు.

కాబట్టి పని పద్ధతి మార్చండి. ఓ పది పన్నెండు ఆకులు, మొగ్గలు, రెక్కలు విడివిడిగా కుట్టండి. 300 డీపీఐలో, అంటే అంగుళానికి 300 చుక్కల స్పష్టతతో, స్కాన్ చేసి పెట్టుకోండి. వాటినే తిప్పి, కలిపి, పెంచి, తగ్గించి ఒక్కో నమూనా కూర్చవచ్చు. కుట్టు అందం పోదు, రాత్రులు మిగులుతాయి. ప్రింటు గుడ్డ పొడవునా అతుకు కనబడకుండా తిరిగి తిరిగి రావాలి కదా, దానికి కంప్యూటర్ కంటే ముందునుంచీ ఉన్న కిటుకు ఒకటుంది. కాగితం మధ్యలో బొమ్మ గీయండి, అంచులు తాకకుండా. నిలువుగా సగానికి కత్తిరించి, కుడి ముక్కను ఎడమకు, ఎడమ ముక్కను కుడికి మార్చి అతికించండి. తర్వాత అడ్డంగా కత్తిరించి పైదాన్ని కిందికి, కిందిదాన్ని పైకి మార్చండి. ఇప్పుడు మధ్యలో ఖాళీ వస్తుంది, దాన్ని నింపండి. నాలుగు అంచులూ వాటంతట అవే కలుస్తాయి. ఒక ఆదివారం పాపను పక్కన కూర్చోబెట్టుకుని చేసి చూడండి, ఇద్దరికీ సరదాగా ఉంటుంది. రంగులు ఎన్ని వాడవచ్చో మాత్రం ముందే అడగాలి. స్క్రీన్ ప్రింటింగ్‌లో ఒక్కో రంగుకు ఒక్కో స్క్రీన్ కావాలి. పధ్నాలుగు రంగుల దారాలు వాడి, తర్వాత ఆరింటికి తగ్గించమంటే ఏడుపొస్తుంది.

చదవలేదన్న బెంగ గురించి ఒక మాట. జర్మనీలో మార్గరెటె స్టైఫ్ అనే దర్జీ ఉండేది. పసితనంలోనే పోలియో సోకి, చక్రాల కుర్చీలో గడిపిన మనిషి. 1880లో ఒక పత్రికలో చూసిన నమూనాతో ఉన్నిబట్టతో చిన్న ఏనుగులు కుట్టి, సూదులు గుచ్చి పెట్టుకునే దిండ్లుగా తెలిసినవాళ్లకు ఇచ్చింది. పిల్లలు వాటిని లాక్కుని ఆడుకోవడం మొదలుపెట్టారు. ఆ పేరుతో బొమ్మల కంపెనీ నేటికీ ఉంది. నాకు ఈ కథలో అంతకంటే నచ్చేది తర్వాతి ముక్క. 1902లో ఆ కంపెనీ ఎలుగుబంటి బొమ్మకు రూపం గీసింది ఆమె కాదు, కళాశాలలో చదువుకున్న ఆమె మేనల్లుడు రిచర్డ్. చదువు లేకుండా మొదలుపెట్టవచ్చు, తెలియనిది తెలిసినవాళ్ల చేత చేయించుకోవచ్చు, అందులో చిన్నతనం లేదు. ఒక హెచ్చరిక కూడా ఇక్కడే. పుస్తకాల్లోవి చూసి కుట్టిన మీ తొలి పువ్వులు ఇంట్లోకి బాగుంటాయి, అమ్మకానికి పనికిరావు. అవి వేరొకరి గీతలు.

ఉద్యోగం ఇప్పుడు మానకండి. ఒకే సంస్థ, ఒకే సీజను, వాళ్ల అభిరుచి మారితే మీ ఆదాయం సున్నా. అయినా పదిహేనేళ్లు ఇతరుల బిల్లులు సరిచూసిన మీరు, ఎన్నిసార్లు మార్పులు చేస్తారో, డబ్బు ఎప్పుడొస్తుందో కాగితం మీద లేకుండా పన్నెండు ఒప్పుకున్నారంటే నాకు నవ్వొచ్చింది, ఏమీ అనుకోకండి. ఇంకొకరు ఇలా చేసి వస్తే మీరే చీవాట్లు పెట్టేవారు. కొంత ముందుగా తీసుకోవడం, మార్పులకు రెండుసార్లని హద్దు, చివరి తేదీ రాయించుకోండి. అన్నిటికంటే ముఖ్యం, నమూనాను వాడుకునేందుకు అనుమతి మాత్రమే ఇస్తున్నారా, లేక పూర్తిగా రాసిచ్చేస్తున్నారా అన్నది. అనుమతైతే దేని మీద, ఎన్నాళ్లు అని ఉండాలి. రాసిచ్చేస్తే ఆ పువ్వును రేపు మీరే ఇంకొకరికి ఇవ్వలేరు, కనుక దానికి ఎక్కువ అడగాలి. పన్నెండుకు బదులు ఆరు చేస్తానని ఈ వారమే చెప్పండి. కాదంటే కాదంటారు.

మీవారి విషయంలో నేను పూర్తిగా మీ పక్షం తీసుకోలేను. ఆయన మాట మొరటుగా ఉంది, నిజమే. కానీ అమ్మగారి దగ్గర మీరు కుట్టిన రాత్రుల్లో ఆయన ఇలా విసుక్కున్నట్టు మీరు రాయలేదు. ఇప్పుడు ఎవరో కొత్తవాళ్ల గడువు ఇంట్లోకి వచ్చి కూర్చుంది, ఆయన్ను ఎవరూ అడగలేదు. 'సరదా' అని ఆయన అంటున్నది మీరు ఇన్నాళ్లూ దాన్ని అలాగే పిలిచారు కాబట్టి కూడా కావచ్చు. 'ఇది పని. వారంలో ఇన్ని సాయంత్రాలు దీనికి, పదింటికి లైటు ఆర్పేస్తాను, ఆ సాయంత్రాల్లో ఇంటి పని మీరు చూడాలి' అని చెప్పి చూడండి. వాదనగా కాదు, కాగితం మీద వారాలు గీసి చూపించండి. లెక్క కనబడితే మెత్తబడే మనుషులు చాలామంది ఉంటారు. అప్పటికీ ఎగతాళే చేస్తే మళ్లీ రాయండి, అప్పుడు మనం మాట్లాడుకోవాల్సింది ఎంబ్రాయిడరీ గురించి కాదు.

ఎవరికీ ఇవ్వని గుడ్డ ఒకటి ఎప్పుడూ ఫ్రేములో ఉంచుకోండి. ఫొటో తీయకండి, గడువు పెట్టకండి, వంకర పోయినా విప్పకండి.

ఇక ఆ తీగ. ఇవ్వమని గానీ వద్దని గానీ మీరు నన్ను అడగలేదు, వాళ్లు అడిగారని మాత్రం రాశారు. ఇవ్వాలని ఉంటే ఈపాటికి ఇచ్చేసి ఉండేవారు. 'ఆ నమూనా అమ్మకానికి లేదు' అని ఒక్క వాక్యం రాసి పంపండి. కారణం చెప్పనక్కర్లేదు.