మూడ్ కోసం కూర్చోకు, లావణ్యా

చిరంజీవి లావణ్యకు పెదనాన్న ఆశీస్సులు.

పది రోజులు విశాఖ బీచ్ రోడ్డులో నడిచి, ఇప్పుడు మూడ్ రావట్లేదన్నావు. అది బద్ధకం కాదమ్మా, మెదడు తీరే అంత.

డోపమిన్‌ని ఆనందాన్నిచ్చే రసాయనం అంటారు కానీ, మనల్ని పనికి పురికొల్పడం, నేర్పడం దాని అసలు పని. వోల్‌ఫ్రామ్ షుల్ట్జ్ అనే శాస్త్రవేత్త కోతులకు పండ్లరసం చుక్కలిస్తూ వాటి డోపమిన్ కణాలను గమనించాడు. అనుకోకుండా రసం అందినప్పుడు ఆ కణాలు గట్టిగా స్పందించాయి. రసానికి ముందు ప్రతిసారీ లైటు వెలిగిస్తూ పోతే, కొన్నాళ్లకు లైటు చూడగానే స్పందించడం మొదలైంది, రసానికి మాత్రం ఆగిపోయింది. లైటు వెలిగాక రసం రాకపోతే మామూలు స్థాయి కంటే కిందికి పడిపోయింది.

నీ విషయంలోనూ ఇలాంటిదే జరిగి ఉంటుంది. మొదట్లో సముద్రపు గాలి, బూట్లు అన్నీ కొత్త. బరువు తగ్గుతుందని ఆశపడ్డావు, ముల్లు కదల్లేదు. మూడు నెలలు ఆ బరువు చూసే మిషన్ ఎక్కకు. నడిచిన రోజే చేతికందేది ఒకటి పెట్టుకో. కాళీమాత గుడి దగ్గర కలిసే స్నేహితురాలో, తిరిగొచ్చేటప్పుడు గ్లాసుడు రాగి అంబలో, నడకలో తప్ప ఇంట్లో వినని పాటలో.

ఇక ఆ కోతులకు లైటులా, నిన్ను నడకకు లేపే నీ లైటు ఏదో తేల్చుకో. కాఫీ గ్లాసు కడిగి బోర్లించగానే బూట్లు వేసుకోవాలి, అంతే. వీలు చూసుకుని వెళ్తానంటే సాగదు. పీటీ మాస్టారుగా ఎందరో పిల్లల్ని చూశాను. పక్కింటివాడు వచ్చి పిలుస్తాడని లేచేవాడే గ్రౌండుకి రోజూ వచ్చేవాడు. పొద్దున్నే ఆ రోడ్డు మీదికి బండ్లు రానివ్వరు కాబట్టి నీకు అదే మంచి వేళ. మొదట పది నిమిషాలు చాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే వారానికి 150 నిమిషాలకు మెల్లగా చేరుకోవచ్చు.

21 రోజుల్లో అలవాటైపోతుందన్న మాట నమ్మకు. లండన్ యూనివర్సిటీ కాలేజీ వాళ్లు 96 మందితో చేసిన పరిశీలనలో సగటు మనిషికి 66 రోజులు పట్టింది. కొందరికి 18 చాలు, కొందరికి 254 కావాలని అంచనా. మధ్యలో ఒక రోజు తప్పినా పెద్ద తేడా రాలేదు. తుఫాను రోజుల్లో అపార్ట్‌మెంట్ మెట్లు ఎక్కి దిగు.

ఒక్క మాట జాగ్రత్తగా విను. నడకే కాదు, నీకిష్టమైన పనుల మీద కూడా రెండు వారాలకు పైగా మనసు పోకపోయినా, నిద్ర, ఆకలి తప్పినా, అది వేరే సంగతి. డాక్టర్‌కి చూపించుకోవాలి. నాన్నకు చెప్పడానికి మొహమాటమైతే నాకు ఫోన్ చెయ్యి, నేను వెంట వస్తాను.

పెదనాన్న