మూత తీయని రంగుల పెట్టె

హనుమకొండ

బిడ్డా,

నిరుడు కొన్న రంగుల పెట్టె మూత ఇంకా తీయలేదని, "నాకు బొమ్మలు రావు పెద్దమ్మా" అని మొన్న ఫోనులో అన్నావు. రావని ఎవరు తేల్చారు? బతుకమ్మకు గునుగు పూలను గులాబీ, ఆకుపచ్చ రంగుల్లో ముంచింది నువ్వే కదా. ఏ వరుస పక్కన ఏ రంగు నప్పుతుందో నీకెవరూ నేర్పలేదు. అంత ముచ్చటగా పేర్చినదాన్ని ఆ రాత్రే చెరువులో వదిలి, ఖాళీ తాంబాలంతో నవ్వుతూ తిరిగొచ్చావు. కాగితం ముందు కూర్చుంటే మాత్రం గోడకు తగిలించే బొమ్మే కావాలంటావు!

మొదటి నెలలో వేసినవేవీ దాచకు. ఫోటో తీసి ఎవరికీ పంపకు, నాకు కూడా.

కాగితం మాత్రం మందంగా ఉన్నది కొను. పలచనిది తడికి ముడతలు పడితే తప్పు నీ చేతిదనుకుంటావు. ఎరుపు, పసుపు, నీలం, ఈ మూడే బయట పెట్టు. కుంచెను నీళ్లలో నిలబెట్టి మరచిపోకు, వెంట్రుకలు వంగిపోతాయి. ఆ గ్లాసు టీ గ్లాసుకు దూరంగా ఉండాలి. మీ పెదనాన్న ఒకసారి నీలం నీళ్లు తాగబోయారు.

మొదటి రోజు బొమ్మ జోలికే పోకు. తడి కాగితం మీద రెండు రంగులు వదిలి, అవి ఎక్కడ కలుస్తాయో చూడు. మర్నాడు వంటింట్లోకి వెళ్లి పసుపులో చిటికెడు సున్నం కలుపు, పారాణిలా ఎర్రబడుతుంది. హోలీ రోజుల్లో మోదుగు పూలు దొరికితే ఉడకబెట్టి ఆ రంగుతో ఆడుకో.

నేను డ్రాయింగు చెప్పే రోజుల్లో ఒక పిల్లవాడు చెరువుకు ఆకుపచ్చ రంగు వేశాడు. నీలం వేయమని దిద్దాను. ఆ సాయంత్రం భద్రకాళి చెరువు గట్టు మీద నడుస్తుంటే నాచు పట్టిన నీళ్లు పచ్చగానే కనిపించాయి. మర్నాడు వాడికి చెబుదామని వెళితే అప్పటికే నీలం పూసేశాడు. ఆ బొమ్మ ఇప్పటికీ కళ్లముందు మెదులుతుంది.

ఇక అలసిపోయి వచ్చి, తల పనిచేయని సాయంత్రాల సంగతి. గుడ్డ మీద కథలు గీసే చేర్యాల ఊరి నకాషీ బొమ్మల్లో వెనక పరచుకున్న ఎరుపు చూశావు కదా. ఆ ఎరుపు పడకముందే ఎంతో పని జరుగుతుంది. ఖద్దరు గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు పూతలు పూసి ఆరబెడతారు. నువ్వూ అలాంటి రోజున పాత ధోవతి ముక్కకు పూత పూసి దండెం మీద ఆరేయి. బొమ్మ ఊసే అక్కర్లేదు, చేతులకు పని దొరికితే చాలు.

చింతగింజలు నా దగ్గర డబ్బా నిండా ఉన్నాయి. ముందే నానబెట్టి రుబ్బాలి కాబట్టి, ఆదివారం వచ్చేట్టయితే శుక్రవారానికే చెప్పు.

మీ పెద్దమ్మ