ఇంజిన్లు ఆగిపోతే విమానంలో కరెంటు ఎక్కడి నుంచి వస్తుంది?

ఎయిర్‌బస్ ఏ320లో ఒక్కో ఇంజిన్ 90 కేవీఏ జనరేటర్‌ను తిప్పుతుంది. వచ్చేది 115 వోల్టులు, 400 హెర్ట్జ్. ఇళ్లలో 50 హెర్ట్జే. ఫ్రీక్వెన్సీ పెరిగితే ట్రాన్స్‌ఫార్మర్ల ఇనుప కోర్ చిన్నదై బరువు తగ్గుతుంది. ఒక జనరేటర్ చెడితే రెండోది, లేదా తోకలోని ఏపీయూ అనే చిన్న సహాయక ఇంజిన్ ఆదుకుంటుంది.

అన్నీ ఆగిపోతే పొట్ట భాగం నుంచి ర్యాట్ అనే చిన్న టర్బైన్ దానంతటదే బయటికి వస్తుంది. ఎదురుగాలికి తిరిగి హైడ్రాలిక్ పంపును, దాని ద్వారా 5 కేవీఏ అత్యవసర జనరేటర్‌ను నడుపుతుంది. అంతవరకు బ్యాటరీలే ఆధారం. ఆ కాస్త కరెంటు కెప్టెన్ ముందున్న తెరలకు, రేడియోకు పోతుంది; వంటగది ఓవెన్లకు అందదు.

2009 జనవరి 15న రెండు ఇంజిన్లూ దెబ్బతిన్న ఇదే రకం విమానాన్ని న్యూయార్క్‌లోని హడ్సన్ నదిపై దించిన పైలట్ సల్లెన్‌బర్గర్, చెక్‌లిస్టులో ఆ అంశం రాకముందే ఏపీయూ ఆన్ చేశారు. ఆ రోజు ఆయన నిర్ణయాల్లో నేను అన్నిటికన్నా మెచ్చుకునేది అదే.