ఎండలకు వెనకబడే బడి గంట

ప్రశ్న: మా బడిలో గంట కొట్టే టైమర్ నేనే కట్టాను. చలికాలం బాగానే నడిచింది. ఏప్రిల్ నుంచి రోజుకు సెకను పైగా వెనకబడుతోంది. సమయాన్ని లెక్కపెట్టే క్రిస్టల్ మార్చినా అంతే. ఏం చేయాలి?
– ఓ టీచరు, అనంతపురం

జవాబు: మాస్టారూ, క్రిస్టల్ మంచిదే. తప్పంతా వేడిది. అందులోని క్వార్ట్జ్ సెకనుకు 32,768 సార్లు ఊగుతుంది. 25 డిగ్రీల దగ్గర ఆ వేగం గరిష్ఠం. వేడెక్కినా చల్లబడినా తగ్గుతుంది, అదీ 25 నుంచి ఉన్న తేడా వర్గానికి తగ్గట్టు: డిగ్రీ వర్గానికి పది లక్షల్లో సుమారు 0.034 వంతు. మన ఎండకు పెట్టె లోపల 45 డిగ్రీలుంటే తేడా 20, దాని వర్గం 400, అంటే పది లక్షల్లో 13.6 వంతులు. రోజుకు దాదాపు 1.2 సెకన్లు. మీ లెక్క అదే!

క్రిస్టల్ వేగాన్ని కాస్త సవరించే ట్రిమ్మర్ కెపాసిటర్ తిప్పి సరిచేయకండి. ఇప్పుడు కుదిరినా డిసెంబరులో ముందుకు పరిగెడుతుంది. కర్నూలులో నా దగ్గరికొచ్చే కుర్రాళ్లకూ ఇదే గట్టిగా చెబుతాను. వేడిని కొలిచి, దానికి తగ్గ దిద్దుబాటు ప్రోగ్రాంలోనే చేయాలి. జీపీఎస్ మాడ్యూల్ సెకనుకోసారి ఇచ్చే పల్స్‌తో పోల్చి, పక్కనే ఉష్ణోగ్రత రాసుకుంటూ పోతే ఏ వేడికి మీ క్రిస్టల్ ఎంత వెనకబడుతుందో చూపే వక్రరేఖ మీకే దొరుకుతుంది. ఇంత టెన్షన్ వద్దనుకుంటే డీఎస్3231 అనే గడియారం చిప్ వేయండి. సెన్సారూ దిద్దుబాటూ లోపలే ఉంటాయి, 0–40 డిగ్రీల మధ్య తేడా పది లక్షల్లో 2 వంతులు దాటదు. సొంతంగా చేస్తే మాత్రం సెన్సార్‌ను మూతకు కాదు, క్రిస్టల్ డబ్బాకే ఆనించి అతికించండి. వేడెక్కే ట్రాన్స్‌ఫార్మర్‌ను దూరంగా జరపండి.