క్రెడిట్/నో-క్రెడిట్ ఎంచుకున్నాక మేజర్ ‘అసంపూర్ణం’ అని వస్తే

టొరంటో యూనివర్సిటీ కోర్సు చదువుతున్న మీరు స్టాటిస్టిక్స్‌ను క్రెడిట్/నో-క్రెడిట్‌కు (అంకెల గ్రేడు లేకుండా, పాసైతే ‘క్రెడిట్’, లేకుంటే ‘నో-క్రెడిట్’ అని మాత్రమే నమోదయ్యే పద్ధతికి) మార్చారు; ఆ తర్వాత డిగ్రీ ఆడిట్ (డిగ్రీకి కావలసినవాటిలో ఏవి పూర్తయ్యాయో చూపే పేజీ) మీ మేజర్, అంటే ప్రధాన సబ్జెక్టు, అసంపూర్ణమని ఎందుకు చూపిస్తోందని అడిగారు. ఆ స్టాటిస్టిక్స్ మీ మేజర్‌కు తప్పనిసరి కోర్సు అయ్యుంటుంది. క్రెడిట్ వస్తే అది డిగ్రీ మొత్తం క్రెడిట్లలో కలుస్తుంది. మేజర్ లెక్కకు మాత్రం చాలా యూనివర్సిటీలు అంకెల గ్రేడో అక్షరాల గ్రేడో అడుగుతాయి. ఆడిట్ పేజీలో మిగతావన్నీ పచ్చగా ఉండి ఆ ఒక్క వరుసే ఎర్రగా కనిపిస్తున్నది అందుకే.

1. డిగ్రీ ఆడిట్ పేజీలో ఆ కోర్సు ‘మేజర్’ కింద ఉందా, ‘ఎలెక్టివ్’ (ఐచ్ఛిక కోర్సు) కిందా? అందరూ చూడకుండా వదిలేసేది ఇదే. తప్పనిసరి కోర్సుకైనా యూనివర్సిటీ పోర్టల్ క్రెడిట్/నో-క్రెడిట్ బటన్ నొక్కనిస్తుంది, హెచ్చరించాలన్న నియమం దానికేమీ లేదు!

2. మేజర్ కింద ఉంటే గడువులోపే తిరిగి అంకెల గ్రేడుకు మార్చండి. పేజీ మూసి మళ్లీ తెరిచి, మారిందని చూసుకోండి.

3. గడువు టొరంటో సమయం ప్రకారం. ఏప్రిల్‌లో అక్కడ రాత్రి 11:59 అంటే మీరున్న విశాఖలో మర్నాడు ఉదయం 9:29.

ఇలా మారిస్తే జీపీఏ (గ్రేడుల సగటు) పెరుగుతుందని విశాఖ ద్వారకానగర్‌లోని కన్సల్టెన్సీలో అన్నారని రాశారు. క్రెడిట్‌తో జీపీఏ పెరగదు, ఆ కోర్సు అందులో లెక్కకు రాదు, అంతే.

గడువు దాటిపోతే పోర్టల్‌తో కుస్తీ పట్టకుండా నేరుగా రిజిస్ట్రార్ కార్యాలయానికి రాయండి.