టెన్నిస్ కోసం ఆన్‌లైన్ స్కూల్: త్వరగా అయిపోయే కోర్సులతో జాగ్రత్త

ప్రశ్న: మేము టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం. మా అమ్మాయి తొమ్మిదో తరగతి పూర్తి చేస్తోంది. టెన్నిస్ బాగా ఆడుతుంది, డివిజన్ 1 (కాలేజీ ఆటల్లో పై స్థాయి) కాలేజీ టీమ్‌లో ఆడాలని కోరిక. కోచ్ ఉదయం పూట కూడా ప్రాక్టీస్ ఉండాలంటున్నారు. అందుకే పదో తరగతి నుంచి ఆన్‌లైన్ హోమ్‌స్కూల్‌కి మార్చాలనుకుంటున్నాం. రెండు ప్రోగ్రాములు చూశాం. ఒకదానికి ఫీజు తక్కువ, ఏడాది కోర్సును ఆరు వారాల్లో కూడా ముగించవచ్చట. రెండోదానికి ఫీజు ఎక్కువ, వారం వారం లైవ్ క్లాసులుంటాయి. రెండింటికీ అక్రెడిటేషన్ (గుర్తింపు) ఉంది. మావారు మొదటిదే నయమంటున్నారు. మీరేమంటారు?

జవాబు: మీరు రాసినదాన్ని బట్టి చూస్తే రెండోదే తీసుకోమంటాను. ఫీజు ఎక్కువని తెలిసీ ఈ మాట చెబుతున్నాను.

అక్రెడిటేషన్ ఉంటే సరిపోతుందని చాలామంది తల్లిదండ్రులు అనుకుంటారు. కాలేజీలో చేరడానికి అది పనికొస్తుంది. కానీ కాలేజీ టీమ్‌లో ఆడటానికి ఎన్‌సీఏఏ (అమెరికాలో కాలేజీ ఆటలను నడిపే సంస్థ) వాళ్ల ఎలిజిబిలిటీ సెంటర్, అంటే అర్హత తేల్చే విభాగం, ఒక్కో కోర్సునూ విడిగా చూస్తుంది. 2010లో బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీ నడిపే ఇండిపెండెంట్ స్టడీ కోర్సులను ఇక ఒప్పుకోమని ఎన్‌సీఏఏ ప్రకటించింది. పేరున్న యూనివర్సిటీయే, అయినా ఆగలేదు. ఆన్‌లైన్ కోర్సులో టీచర్ తనంతట తాను విద్యార్థితో క్రమం తప్పకుండా మాట్లాడుతూ పాఠం చెప్పాలి, దిద్దాలి, సాయం చేయాలి అన్నది వాళ్ల నిబంధన. కోర్సుకి ఇంత కాలం పడుతుందన్న లెక్క ఉండాలి. ముందే ఒక టెస్టు రాసి, వచ్చిన పాఠాలు దాటేసి పోవడం కుదరదు. మీవారు మెచ్చుకుంటున్నారన్న ఆ ఆరు వారాల సౌకర్యం దగ్గరే నాకు భయం.

కాబట్టి ఫీజు కట్టే ముందు ఎలిజిబిలిటీ సెంటర్ వెబ్‌సైట్‌లో ఆ స్కూల్ పేరుతో వెతకండి. ఆమోదించిన కోర్సుల జాబితా అక్కడ అందరికీ కనిపిస్తుంది. స్కూల్ పేరు ఉంటే చాలదు, మీ అమ్మాయి తీసుకోబోయే ఆల్జీబ్రా 2, కెమిస్ట్రీ, స్పానిష్ అదే పేరుతో ఉన్నాయో లేదో చూడండి. ఒకే స్కూల్‌లో టీచర్ ఉన్న కోర్సుకి ఆమోదం ఉండి, టీచర్ లేని కోర్సుకి లేకపోవచ్చు.

ట్రాన్స్‌క్రిప్ట్ (మార్కుల రికార్డు) ఎవరి పేరుతో వస్తుందో కూడా అడగండి. ఆన్‌లైన్ స్కూలే ఇస్తే వాళ్ల కోర్సులనే పరిశీలిస్తారు. మీరు పాఠాలు మాత్రమే కొనుక్కుని ఇంట్లో చదివిస్తే, స్కూల్ నడిపేది మీరే అవుతారు. అప్పుడు ప్రతి కోర్ సబ్జెక్టుకీ (ఎన్‌సీఏఏ లెక్కలోకి తీసుకునే ముఖ్య సబ్జెక్టుకీ) ఏ పుస్తకం, ఎవరు చెప్పారు, ఎలా పరీక్షించారు అన్న వివరాల ఫారాలు మీరే నింపి పంపాలి. చేయలేనిది కాదు గానీ, ఇద్దరూ ఉద్యోగాలు చేస్తుంటే చాలా భారం.

డివిజన్ 1కి మొత్తం 16 కోర్ కోర్సులు కావాలి. ఇంగ్లీషు 4 ఏళ్లు, మ్యాథ్స్ 3, సైన్స్ 2, సోషల్ 2, మిగతా 5 ఈ సబ్జెక్టుల నుంచీ, ఫారిన్ లాంగ్వేజ్ లాంటివాటి నుంచీ. వీటిలో 10 కోర్సులు పన్నెండో తరగతి మొదలయ్యేలోపే అయిపోవాలి. ఆ పదిలో 7 ఇంగ్లీషు, మ్యాథ్స్, సైన్స్ నుంచే ఉండాలి. అసలు కష్టం ఇక్కడుంది. ఆ పది కోర్సుల గ్రేడ్లు అక్కడితో ఖాయమైపోతాయి, తర్వాత మళ్లీ రాసి పెంచుకోలేరు. కోర్ జీపీఏ (ఆ కోర్సుల సగటు గ్రేడు) 2.3 ఉంటే అర్హత వస్తుంది. మన పిల్లలకి అది పెద్ద లెక్క కాదనిపిస్తుంది, కానీ వారం వారం టోర్నమెంట్లకి తిరిగే పిల్ల ఇంట్లో ఒంటరిగా, ఎవరూ అడిగేవాళ్లు లేకుండా కెమిస్ట్రీ చదువుతుంటే పాఠాలు పేరుకుపోతాయి. బుధవారం పదింటికి క్లాసు ఉందంటే హోటల్ గది నుంచైనా హాజరవుతుంది.

ఇంకో మాట. హోమ్‌స్కూలే కదా, ఒక ఏడాది ఎక్కువ ఆడించి తర్వాత కాలేజీకి పంపుదాం అని కొందరు సలహా ఇస్తారు. తొమ్మిదో తరగతి మొదలైన రోజు నుంచే కోర్ కోర్సులు పూర్తి చేయడానికి మీ అమ్మాయికి ఉన్న నాలుగేళ్ల గడువు నడుస్తోంది. స్కూల్ మారినంత మాత్రాన అది ఆగదు.

టెన్నిస్‌లో పదో తరగతి అయ్యాక జూన్ 15 నుంచి డివిజన్ 1 కోచ్‌లు నేరుగా మెసేజ్‌లు పంపవచ్చు. ఆట వీడియోతో పాటు ట్రాన్స్‌క్రిప్ట్ కూడా అడుగుతారు. అంటే మీరు ఎంచుకునే స్కూల్‌లో మొదటి ఏడాది మార్కులే వాళ్ల ముందు ఉంటాయి. అడ్మిషన్ అన్నది మళ్లీ వేరే విషయం. ఐవీ లీగ్ కాలేజీలు, డివిజన్ 3 కాలేజీలు ఆట కోసం స్కాలర్‌షిప్ ఇవ్వవు, చదువు గట్టిగా ఉండాల్సిందే. ల్యాబ్‌తో కూడిన సైన్స్, ఏపీ (కాలేజీ స్థాయి) కోర్సులు ఆ ప్రోగ్రాంలో ఉన్నాయో లేదో అందుకే చూడమంటున్నాను.

మీ అమ్మాయి హెచ్-4 వీసా (హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబానికి ఇచ్చేది) మీద ఉంటే, స్పాన్సర్లు, ఎన్ఐఎల్ డబ్బు (ఆటగాళ్ల పేరు, ఫొటో వాడుకున్నందుకు ఇచ్చేది) అని ఎవరు ఆశ పెట్టినా ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని అడగకుండా సంతకం చేయకండి.

ఎనిమిదో తరగతిలోనే ఆల్జీబ్రా 1 చేసి ఉంటే, అది గ్రేడు, క్రెడిట్‌తో హైస్కూల్ ట్రాన్స్‌క్రిప్ట్‌లో ఉందేమో ఇప్పుడే చూసుకోండి. ఉంటే కోర్ కోర్సుగా లెక్కకొస్తుంది. తొమ్మిదో తరగతి ట్రాన్స్‌క్రిప్ట్ పాత స్కూల్ నుంచే ఎలిజిబిలిటీ సెంటర్‌కి వెళ్లాలి.

ఇవన్నీ చేసే ముందు ఇప్పటి స్కూల్ కౌన్సెలర్‌ని ఆఫ్-క్యాంపస్ పీఈ (స్కూల్ బయట తీసుకునే ఆట శిక్షణను ఫిజికల్ ఎడ్యుకేషన్ కింద లెక్కించడం) గురించి అడగండి. టెక్సస్‌లో వారానికి కనీసం 15 గంటలు ఉన్నత స్థాయి శిక్షణ తీసుకునే పిల్లలకు, స్కూల్ డిస్ట్రిక్ట్ ఒప్పుకుంటే, పీఈ క్రెడిట్ ఇచ్చి రోజుకు ఒక గంట ముందే వదిలే వీలుంది. ఆ గంటతో ప్రాక్టీస్ సర్దుకుంటుందేమో కోచ్‌తో కూర్చుని మాట్లాడండి. సర్దుకుంటే ఈ ఏడాదికి స్కూల్ మార్చనక్కర్లేదు.