స్కాట్లండ్ పూర్వీకుడి ఊరు కనుక్కోవాలంటే ముందు అమెరికా భూమి కాగితాలు చూడండి

మీ కోడలి పూర్వీకుడు స్కాట్లండ్‌లో బ్రిటిష్ రాజుపై తిరగబడి కల్లోడెన్ యుద్ధంలో ఓడి, దేశబహిష్కారానికి గురై నార్త్ కరొలినా చేరాడని వాళ్లింట్లో చెబుతారనీ, స్కాట్లండ్‌లో అతని ఊరేదో ఎలా తెలుసుకోవాలనీ అడిగారు. అచ్చం ఇదే కథ మా అత్తగారూ చెప్పేవారు. నా భార్య పుట్టింటివాళ్లది ఫేయెట్‌విల్ ప్రాంతం, ఇంటిపేరు ‘మెక్’తో మొదలవుతుంది.

ముందుగా ఒక మాట. స్కాట్లండ్ రికార్డుల వెబ్‌సైట్‌లో ఇప్పుడే డబ్బు పెట్టకండి. అక్కడ ప్రభుత్వం జనన మరణాలు నమోదు చేయడం మొదలుపెట్టింది 1855లో. అంతకు ముందువన్నీ చర్చి రిజిస్టర్లే. ఉత్తరాన కొండప్రాంతమైన హైలాండ్స్‌లో చాలా పారిష్‌ల (ఒక్కో చర్చి పరిధిలోని ఊళ్ల) రిజిస్టర్లు 18వ శతాబ్దం చివర్లో గాని మొదలుకావు. రిజిస్టరు ఉన్నచోటేమో అదే పేరు, అదే ఇంటిపేరు ఉన్న డంకన్‌లు, ఆర్చిబాల్డ్‌లు కుప్పలుగా దొరుకుతారు. ఎవరు మీవాడో తేల్చే ఆధారం ముందే చేతిలో లేకపోతే, నచ్చినవాణ్ని ఎంచుకుని వంశవృక్షానికి తగిలించడమే అవుతుంది. ఇంటర్నెట్‌లో కనిపించే వంశవృక్షాల్లో సగం అలా తయారైనవే అని నా అనుమానం. ఓడ ప్రయాణికుల జాబితా మీదా ఆశ పెట్టుకోకండి. అమెరికా రేవుల్లో ఆ జాబితాలు తప్పనిసరి అయింది 1820 నుంచి.

మా వాళ్ల విషయంలో ముడి విప్పింది నార్త్ కరొలినా రాజధాని రాలీలోని స్టేట్ ఆర్కైవ్స్‌లో ఉన్న భూమి పట్టా. ఫలానా పైన్ చెట్టు దగ్గర మొదలై, వాగు వెంబడి ఇంత దూరం, అక్కడి నుంచి ఓక్ చెట్టు దాకా అంటూ హద్దులు రాసి ఉన్నాయి. కింద తేదీ 1740 జూన్. కల్లోడెన్ యుద్ధం జరిగింది 1746 ఏప్రిల్ 16న! యుద్ధానికి ఆరేళ్ల ముందే కరొలినాలో భూమి పుచ్చుకున్నవాణ్ని యుద్ధం తరువాత ఎవరు బహిష్కరిస్తారు? అత్తగారు కాగితాన్ని రెండుసార్లు చదివి, “అయితే ఆ వచ్చింది వాళ్ల అన్న అయివుంటాడు” అన్నారు. ఇప్పటికీ అదే మాట మీద ఉన్నారు.

నిజానికి కల్లోడెన్ తరువాత శిక్షగా ఓడలెక్కించిన ఖైదీలు ఎక్కువగా వెస్టిండీస్, మేరీలాండ్ వైపు వెళ్లారు. ఫేయెట్‌విల్ ఉన్న కేప్ ఫియర్ నది లోయలో స్థిరపడిన హైలాండర్లలో ఎక్కువమంది భూమి కోసం, పెరిగిన కౌలు భారం తట్టుకోలేక తమంతట తాము వచ్చినవాళ్లే. 1739లో స్కాట్లండ్ పడమటి తీరంలోని ఆర్గైల్ నుంచి సుమారు 350 మంది ఒక్క జట్టుగా వచ్చారు. అప్పటి గవర్నరు గేబ్రియల్ జాన్‌స్టన్ కూడా స్కాట్లండ్‌వాడే.

ఇక్కడే అసలు కిటుకు ఉంది. మీవాణ్ని ఒంటరిగా వెతకకండి, ఇరుగుపొరుగును వెతకండి. పక్క పట్టాలు ఎవరివి? వీలునామాకు సాక్షులెవరు? 1750లు, 60ల సర్వే పటాల్లో చైన్‌మన్‌ల, అంటే భూమి కొలిచే గొలుసు పట్టినవాళ్ల పేర్లు కూడా ఉంటాయి. వాళ్లు చాలాసార్లు బావమరుదులో అన్నదమ్ముల పిల్లలో అవుతారు. మా పట్టా చుట్టుపక్కల భూములన్నీ ఆర్గైల్ జట్టువాళ్లవే కావడంతో స్కాట్లండ్ మొత్తం వెతకాల్సిన పని తప్పింది. ఫేయెట్‌విల్ ఉన్న కంబర్లాండ్ కౌంటీ 1754లో ఏర్పడింది కాబట్టి అంతకు ముందు కాగితాలు బ్లేడెన్ కౌంటీ పేరుతో వెతకాలి. తేదీలతోనూ జాగ్రత్త. 1752 వరకు ఇక్కడ కొత్త సంవత్సరం మార్చి 25న వచ్చేది, స్కాట్లండ్‌లో మాత్రం 1600 నుంచే జనవరి 1న. ఇక్కడి 1739 ఫిబ్రవరి అక్కడ 1740 అవుతుంది.

వీలునామాలో పిల్లల పేర్ల వరుస రాసిపెట్టుకోండి. మన ఇళ్లలో మనవడికి తాత పేరు పెట్టినట్టే వాళ్లూ పెద్దకొడుక్కి తండ్రి తండ్రి పేరు, రెండోవాడికి తల్లి తండ్రి పేరు పెట్టేవారు. అది రుజువు కాదు, చర్చి రిజిస్టరులో ఎవరి కోసం చూడాలో చెప్పే ఆనవాలు. మాకు జ్ఞానస్నానం నమోదు దొరకలేదు, ఆ ఏళ్లకు అక్కడ రిజిస్టరే లేదు. ఒక పారిష్ దాకా మాత్రం వెళ్లగలిగాం.

మీ కోడలివాళ్లది మెక్లెన్‌బర్గ్, రోవన్ కౌంటీల వైపైతే దారే వేరు. అటు చేరినవాళ్లలో ఎక్కువమంది ఐర్లండ్ ఉత్తర భాగమైన అల్‌స్టర్‌లో ఒకటి రెండు తరాలు ఉండి, ఫిలడెల్ఫియాలో దిగి, బండి బాట పట్టి దక్షిణానికి వచ్చినవాళ్లు. అప్పుడు ఐర్లండ్ కాగితాలు చూడాలి.

ఇంకో రెండు చోట్లున్నాయి. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో, 1776 ఫిబ్రవరి 27న నార్త్ కరొలినాలోని మూర్స్ క్రీక్ వంతెన దగ్గర రాజు పక్షాన పోరాడి ఓడిన హైలాండర్లలో కొందరు తరువాత లండన్‌లో నష్టపరిహారం అడిగారు. ఏ ఏట వచ్చారో, ఎంత భూమి, ఎన్ని పశువులు పోయాయో ఆ అర్జీల్లో ఉంటుంది. అవి లండన్‌లో క్యూ అనేచోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. అక్కడే 1773 చివరి నుంచి 1776 వరకు కస్టమ్స్ అధికారులు రాసిన వలసదారుల రిజిస్టరు కూడా ఉంది. 1774లో నార్త్ కరొలినా రేవు విల్మింగ్టన్‌కు బయలుదేరిన ‘బ్యాచిలర్’ అనే ఓడ గాలివానకు స్కాట్లండ్ ఉత్తరాన షెట్లండ్ దీవుల్లో ఆగిపోతే, అధికారులు ప్రయాణికులను పిలిచి ఎందుకు వెళుతున్నారని అడిగారు. కౌలు పెంచారని, పశువుల ధర పడిపోయిందని, భూస్వామికి వెట్టి చేయలేకపోతున్నామని వాళ్లు చెప్పిన జవాబులు పేరు, వయసు, ఊరితో సహా ఉన్నాయి. మీవాళ్లు ఆ మూడేళ్లలో వచ్చినట్టు ఏ చిన్న ఆధారం కనిపించినా, పైన చెప్పినవన్నీ పక్కన పెట్టి మొదట ఆ రిజిస్టరే తెరవండి.